కట్టిమణి చేతులు

ఫోన్ గ్యాలరీ ఖాళీ చేస్తుంటే 2022 మార్చి 20 నాటి ఫొటో దొరికింది. సత్యనారాయణపురంలో మా గది, సగం తిన్న పునుగుల పొట్లం, టీవీలో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్) ఫైనల్, హైదరాబాద్‌కీ కేరళకీ.

కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే ఆడించారు. ఖాళీ స్టాండ్ల ముందు ఆటంటే మొదట్లో బోర్ కొట్టింది. హైదరాబాద్ స్ట్రైకర్ ఒగ్బెచే వరసపెట్టి గోల్స్ కొడుతుంటే (మొత్తం 18!) అలవాటైపోయింది. బెజవాడ వాడివి, హైదరాబాద్ టీమ్ నీకెందుకురా అనేవాళ్లు. మనకంటూ టీమ్ ఉంటే కదా!

ఫైనల్లో మాత్రం జనాన్ని రానిచ్చారు. స్టేడియమంతా కేరళ పసుపే. 68వ నిమిషంలో వాళ్లు గోల్ కొట్టగానే మేనల్లుడు "అయిపోయింది మావయ్యా" అని పడుకున్నాడు. 88వ నిమిషంలో మన తవోరా బాక్స్ బయట నుంచి కొట్టిన షాట్‌కి నేను అరిచిన అరుపుకి లేచి కూర్చున్నాడు.

పెనాల్టీలు. కేరళ ఆటగాడు నిషు కుమార్ కిక్‌ని మన గోల్‌కీపర్ కట్టిమణి ఆపేశాడు. కీపర్ ముందే గోల్ లైన్ దాటాడంటూ రిఫరీ మళ్లీ కొట్టించాడు. మళ్లీ ఆపాడు! మొత్తం మూడు ఆపాడు, 3-1తో కప్పు మనది. ఆ టెన్షన్లో పునుగులు చల్లారిపోయాయి, అల్లం చట్నీ నా లుంగీ మీద.