ఏప్రిల్‌లో ఆండలూసియా, నా కాటన్ చొక్కాలు
స్పెయిన్ అంటే ఎండే కదా అని ఏప్రిల్ మొదట్లో ఆ దేశపు దక్షిణాన ఉన్న ఆండలూసియాకి అన్నీ కాటన్ బట్టలే సర్దుకున్నాను. సెవిల్‌లో బాగానే సాగింది, వీధుల నిండా నారింజ పూల వాసన. గ్రనాడా చేరాక బయటపడింది నా తెలివి. ఊరు దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది, వెనకాల సియెర్రా నెవాడా కొండల మీద ఇంకా మంచే. సాయంత్రం అల్‌హంబ్రా కోట తోటల్లో పళ్లు టకటకలాడాయి. అప్పటికప్పుడు స్వెటర్ కొన్నాను, రెండు పూటల భోజనం ఖరీదు! గ్రజలేమా అనే కొండ ఊళ్లో రోజంతా వాన. అట్లాంటిక్ మబ్బులు ముందు తగిలేది ఆ కొండలకేనట. తూర్పున అల్మేరియాకి వెళ్తేనేమో ఎడారి.

జూలైలో వెళ్దామన్న మా ఆయన మాట విననందుకు మాత్రం బాధ లేదు. అప్పుడు సెవిల్‌లో 40 డిగ్రీలు మామూలే. ఆ ఎండకి అంత దూరమెందుకు, విజయవాడ లేదూ?