రామకోటి పుస్తకం, ఓవర్‌లుక్ హోటల్

తెర మీద, టైపురైటర్ పక్కనున్న కాగితాల కట్టని వెండీ ఒక్కొక్కటిగా తిరగేస్తోంది. ఇన్నాళ్ళూ భర్త నవల రాస్తున్నాడనుకుంది. చూస్తే అన్ని పేజీల్లోనూ ఉన్నది ఒకటే వాక్యం. ఒక పేజీలో పేరాగ్రాఫుల్లా, ఇంకో పేజీలో పద్యంలా, మరో దాంట్లో నాటకంలో సంభాషణల్లా పేర్చి ఉంది కానీ, వాక్యం మాత్రం అదే. సోఫాలో నా పక్కన దుప్పటి కప్పుకుని కూర్చున్న మా అమ్మాయి మెల్లగా అంది: "అమ్మా, ఇది అమ్మమ్మ బుక్ లాగా ఉంది."

అమ్మమ్మ బుక్ అంటే రామకోటి.

నాకు మనసు చివుక్కుమంది. సినిమా ఆపలేదు, ఏమీ అనలేదు. కానీ ఆ తర్వాత పది నిమిషాలు తెర మీద ఏం జరిగిందో నా బుర్రకెక్కలేదు.

సినిమా 'ద షైనింగ్'. స్టీఫెన్ కింగ్ 1977లో రాసిన నవల ఆధారంగా స్టాన్లీ కూబ్రిక్ 1980లో తీశాడు. చలికాలమంతా మూసి ఉండే ఓవర్‌లుక్ హోటల్‌కి కాపలాగా జాక్ అనే రచయిత, భార్య వెండీతో, చిన్న కొడుకుతో వచ్చి ఉంటాడు. మేముండేది డెన్వర్ పక్కన. కథలోని ఓవర్‌లుక్ హోటల్ మా కొలరాడో కొండల్లోనే ఉన్నట్టు చూపిస్తారు. ఎస్టెస్ పార్క్‌లోని స్టాన్లీ హోటల్‌కి 1974లో, సీజన్ అయిపోయి హోటల్ మూసేసే వేళకి కింగ్ దంపతులు వెళ్ళి బస చేశారు. ఆ ఖాళీ నడవాల్లోంచే నవల పుట్టింది. సినిమా మాత్రం అక్కడ తీయలేదు. బయటి నుంచి కనిపించే హోటల్ ఆరెగాన్‌లోని టింబర్‌లైన్ లాడ్జ్. లోపలి గదులన్నీ ఇంగ్లండ్‌లోని ఎల్‌స్ట్రీ స్టూడియోలో వేసిన సెట్లు. అయినా ఇండియా నుంచి ఎవరొచ్చినా మేం ఎస్టెస్ పార్క్ తీసుకెళ్తాం, ఆ తెల్లటి హోటల్ ముందు నిలబెట్టి ఫోటో తీస్తాం. మా అమ్మ ఫోటో కూడా ఉంది. నేతచీర మీద మా ఆయన జాకెట్, కాళ్ళకి నా బూట్లు.

మా అమ్మాయికి పదహారేళ్ళు. ఈ సినిమాకి ఇక్కడ ఆర్ రేటింగ్, అంటే థియేటర్లో పదిహేడేళ్ళలోపు వాళ్ళు పెద్దవాళ్ళతోనే చూడాలి. ఇంట్లో చూసినా సరే పక్కన నువ్వుండాలని తనే అడిగింది. ఆ వయసు పిల్ల పక్కన కూర్చోమని అడిగితే వద్దనే తల్లి ఎవరుంటారు? నగ్న దృశ్యమున్న 237 నంబరు గది సీను మాత్రం ముందుకి జరిపేశాను. తనేం అనలేదు.

మా చిన్నప్పుడు దెయ్యం సినిమా అంటే తెల్లచీర, కుక్క ఏడుపు, చివర్లో గుడిగంటలు. దెయ్యానికి ఒక పగ ఉండేది, ఆ పగ తీరాక వెళ్ళిపోయేది. ఈ సినిమాలో అలా వెళ్ళిపోయేదేమీ లేదు. చీకటి కూడా తక్కువే. చాలా భాగం దీపాల వెలుగులోనో పగటి వెలుగులోనో నడుస్తుంది. డానీ అనే ఆ చిన్నపిల్లాడు మూడు చక్రాల బండి తొక్కుకుంటూ నడవాల్లో తిరుగుతుంటాడు. కెమెరామన్ గారెట్ బ్రౌన్ తను కనిపెట్టిన స్టెడీకామ్‌ని (కదులుతూ తీసినా కుదుపు తెలియనివ్వని కెమెరా పరికరం) నేలకి జానెడు ఎత్తులో పట్టుకున్నట్టు ఆ బండి వెనకే వెళ్తాడు. చెక్క నేల మీద చక్రాలు గరగరమంటాయి. తివాచీ మీదికి రాగానే చప్పుడు ఆగిపోతుంది. మళ్ళీ చెక్క, మళ్ళీ తివాచీ. అంతే, ఇంకేం జరగదు. మా అమ్మాయి ఊపిరి బిగబట్టి నా చెయ్యి పట్టుకున్నది అప్పుడే, రక్తం వరదలా వచ్చే సీనులో కాదు.

పెళ్ళికి ముందు ఒకసారి ఈ సినిమా చూశాను. అప్పుడు వెండీ మీద నాకు విసుగొచ్చింది. ఇప్పుడు చూస్తుంటే ఆ హోటల్లో పని చేసేది ఆవిడొక్కతే. బాయిలర్ చూసేది ఆవిడ, రేడియోలో ఫారెస్టు వాళ్ళతో మాట్లాడేది ఆవిడ, మొగుడికి టిఫిను మంచం దగ్గరకి తీసుకెళ్ళేదీ ఆవిడే. ఆ పాత్ర వేసిన షెల్లీ డువాల్‌ని ఆ రోజుల్లో ఏడాదిలోకెల్లా చెడ్డ నటన అంటూ రాజీ అవార్డుకి నామినేట్ చేశారు. దాన్ని వెనక్కి తీసుకున్నది 2022లో. ఆవిడ 2024లో చనిపోయారు. అంత గొప్ప నటనని గుర్తించడానికి నలభై ఏళ్ళు పట్టడం నాకు కష్టంగా అనిపించింది.

సినిమా మొదట్లో డాక్టరమ్మ ఇంటికొచ్చి డానీని చూసే సీను ఉంది. పిల్లాడి భుజం కీలు అంతకుముందు ఎలా తప్పిందో వెండీ చెబుతుంది. తాగొచ్చిన భర్త కోపంలో పిల్లాణ్ణి లాగాడు. ఏదో పొరపాటున జరిగిందండీ, దానివల్ల మంచే జరిగింది, ఆయన తాగుడు మానేశాడు అన్నట్టు నవ్వుతూ చెబుతుంది. వేళ్ళ మధ్య సిగరెట్ బూడిద పొడుగ్గా పెరుగుతూనే ఉంటుంది. డాక్టరమ్మ ఏమీ అనదు. మా అమ్మాయి అంది: "ఆవిడ డాక్టర్‌కి చెప్పట్లేదమ్మా, తనకి తనే చెప్పుకుంటోంది."

ఆ మాటా, రామకోటి మాటా కలిసి ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

మా అమ్మ అక్టోబరులో వచ్చి మార్చిదాకా ఉంది. అప్పటికి అమ్మాయికి పదేళ్ళు. నాన్న పోయిన ఏడాది అది. డెన్వర్‌లో చలికాలం అంటే నెలల తరబడి మంచులో కూరుకుపోవడమేం కాదు. మంచు పడ్డ మర్నాడే ఎండ కాస్తుంది, మిరుమిట్లు గొలిపేంత ఎండ. కానీ వీధిలో మనిషి కనిపించడు. అమ్మకి కారు నడపడం రాదు, నున్నటి ఐసు మీద అడుగెయ్యాలంటే భయం. ఏడున్నరకి మేం ముగ్గురం బయటపడితే మళ్ళీ తాళం తీసేసరికి, డిసెంబరులో అయితే, సూర్యుడు అస్తమించి గంట దాటేది. అమ్మ కిటికీ పక్కన కూర్చుని రామకోటి రాస్తూ ఉండేది. గళ్ళ పుస్తకం, గడికో 'శ్రీరామ'. అన్నయ్య ఫోన్ చేసి అడిగిన ప్రతిసారీ నేను చెప్పేది ఒకటే మాట: "అమ్మకేంరా, హాయిగా రామకోటి రాసుకుంటోంది."

మర్నాడు అమ్మాయికి తేడా చెప్పాలనుకున్నాను. రామకోటి అంటే పిచ్చి కాదు, రాస్తూ నామం పలుకుతారు, రోజుకి వెయ్యి రాసినా కోటికి ఇరవై ఏడేళ్ళు పైనే పడుతుంది, పూర్తయిన పుస్తకాలు భద్రాచలం పంపుతారు అని. అంతా శ్రద్ధగా విని తలూపింది. "నేను పిచ్చి అనలేదమ్మా," అంది. "రోజంతా ఒక్కతే ఉండేది కదా, అది గుర్తొచ్చింది."

రెండు రోజుల తర్వాత తనే ఇంకో సంగతి పట్టుకొచ్చింది. జాక్ టైప్ చేసేది ఇంగ్లీషు సామెత. ఆటాపాటా లేకుండా పనే చేస్తే జాక్ మొద్దబ్బాయి అవుతాడని దాని భావం. వేరే భాషల కోసం కూబ్రిక్ దాన్ని మక్కీకి మక్కీ అనువదించలేదు. ఆయా భాషల్లో జనం నోట నలిగిన సామెతలు వెతికించి, పేజీలకి పేజీలు టైప్ చేయించి, విడిగా షూట్ చేశాడు. ఇటాలియన్‌లో పొద్దుటి నోట్లో బంగారం ఉంటుందని. జర్మన్‌లో ఇవాళ్టి పని రేపటికి వాయిదా వెయ్యకని. స్పానిష్‌లో ఎంత పెందలాడే లేచినా తెల్లవారడం ముందుకి జరగదని. పిల్లలకి నేర్పే సుద్దులే, కట్టలకొద్దీ చూసేసరికి వెన్నులో వణుకు పుడుతుంది.

"తెలుగులో అయితే ఏం టైప్ చేస్తాడు?" అని అడిగింది.

గరిటె పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడి ఆలోచించాను. 'ఆలస్యం అమృతం విషం' అన్నాను. బాగుంది కానీ చిన్నది అంది. అప్పుడు వేమన గుర్తొచ్చాడు: 'తినగ తినగ వేము తియ్యనుండు'. అర్థం చెప్పాను. వేపాకు రోజూ తింటూ ఉంటే చేదు పోయి తీపి అనిపిస్తుంది. అయిదారు సార్లు పైకి చదివించుకుంది. 'తినగ తినగ' దగ్గర దాని నాలుక తడబడుతోంది, అయినా వదల్లేదు. చదువుతూ చదువుతూ ఆగి, "మరి అమ్మమ్మకి తియ్యగా అయిందా?" అంది.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా నేను అడగలేదు.

శనివారం రాత్రి, అక్కడ ఆదివారం పొద్దున, అమ్మకి ఫోన్ చేశాం. స్పీకర్ పెట్టి అడిగాను: "అమ్మా, ఇక్కడున్నప్పుడు మేం వెళ్ళిపోయాక నీకెలా ఉండేది?" ఇప్పుడెందుకే ఆ సంగతి, బాగానే ఉండేది అంది. నేనైతే అక్కడితో ఊరుకునేదాన్ని. మా అమ్మాయి ఫోన్ దగ్గరికి వంగి, తనకొచ్చిన తెలుగులో, "భయం వచ్చిందా అమ్మమ్మా?" అంది.

కాసేపు ఆ వైపు నుంచి మాట లేదు. తర్వాత అమ్మ చెప్పింది. "కింద మీ హీటరు ఉంది చూడు, అది ఉన్నట్టుండి గుర్రుమని మొదలెట్టి, ఉన్నట్టుండి ఆగిపోయేది తల్లీ. అది మోగినంతసేపూ ఫరవాలేదు. ఆగిపోతేనే గుండె జారినట్టుండేది. అందుకే పైకి అనుకుంటూ రాసేదాన్ని."

మా అమ్మాయి నావైపు ఒకసారి చూసి, స్పీకర్ తీసేసి, ఫోన్ చెవికి పెట్టుకుని తన గదిలోకి వెళ్ళింది. తలుపు మూసుకుంది. నేను వెనకాల వెళ్ళలేదు. నలభై నిమిషాల తర్వాత కూడా లోపలి నుంచి దాని వచ్చీరాని తెలుగు వినిపిస్తూనే ఉంది.