చిల్లపెంకులు తీసేసిన రోజు

జూన్ 8, ఆదివారం

ఈరోజు మృగశిర కార్తె ప్రవేశించింది. మా వీధిలో సగం మంది ఉదయాన్నే చేపల కోసం రాంనగర్ మార్కెట్టుకు వెళ్లగా, నేను నిన్న సాయంత్రం రాణిగంజ్‌లో కొని తెచ్చిన రెండు ఇనుప జాలీలను చెక్క చట్రాలకు మేకులతో బిగించుకుంటూ డాబా మీద కూర్చున్నాను. ఒక జాలీ కన్ను 6 మిల్లీమీటర్లు, రెండవదాని కన్ను 3. మొదటి దానిలో నుండి దిగి రెండవ దాని మీద నిలిచేదే నాకు కావలసిన సరుకు. వానలు ముదరక ముందే లోతు తక్కువ కుండీలో పొట్టిగా పెంచుతున్న జువ్వి బోన్సాయ్‌ని కొత్త మట్టి మిశ్రమంలోకి మార్చాలని నెల రోజులుగా అనుకుంటున్నాను.

ఇంత పట్టుదలకు కారణం నిరుడు పోయిన చింత. విత్తనం నుండి 8 ఏళ్లు పెంచిన ఆ మొక్క శ్రావణ మాసపు ముసురులో ఆకులు రాల్చుకుని మళ్లీ చిగురించలేదు. కుండీ బోర్లించి చూస్తే వేళ్లు నల్లబడి, చేత్తో పట్టుకుంటే తోలు ఊడివచ్చేంతగా కుళ్లిపోయాయి. అడుగున అమ్మ నేర్పిన పద్ధతిలోనే చిల్లపెంకులు పరిచాను. అవి కడిగినట్టు శుభ్రంగా ఉన్నాయి, వాటి పైనున్న ఎర్రమట్టి మాత్రం అట్ల పిండిలా ఉంది. నీరు పోవడానికి వేసిన పొర పొడిగానే ఉండి, దాని మీది మట్టి నీటిలో నానడం అప్పుడు నాకు అర్థం కాలేదు.

అర్థమైంది ఈ వేసవిలో, వంటింటి స్పాంజి వల్ల. నీటిలో ముంచిన స్పాంజిని అరచేతి మీద పడుకోబెడితే కాసేపు కారి ఆగిపోతుంది. దానినే పిండకుండా నిలువుగా పట్టుకుంటే మళ్లీ ధార కడుతుంది. స్పాంజి అదే, అందులోని రంధ్రాలూ అవే. మారింది ఎత్తు ఒక్కటే. బడిలో కేశనాళికీయత అనే నోరు తిరగని మాటను బట్టీ పట్టాను గాని, అది నా కుండీ అడుగున కూర్చుని ఉంటుందని ఏనాడూ అనుకోలేదు. సన్నని మట్టి తన సందుల్లో నీటిని పట్టుకుని, అడుగు నుండి కొంత ఎత్తు వరకు వదలకుండా ఉంచుకుంటుంది. ఆ ఎత్తును నిర్ణయించేది రేణువుల పరిమాణమే గాని కుండీ లోతు కాదు. కింద పెంకులు పరిస్తే వాటి పెద్ద సందులకు ఆ నీటిని లాగే శక్తి ఉండదు కనుక, నీరు పెంకుల మీదనే ఆగిపోతుంది. అంటే తడి పొరను మనమే ఎత్తి వేళ్ల దగ్గరకు చేర్చినట్టు అవుతుంది. ఒక అడుగు లోతున్న కుండీలో పై భాగపు వేళ్లకు ఊపిరాడుతుంది. నా జువ్వి కుండీ లోతు 5 సెంటీమీటర్లు. అందులో తడి పొరను తప్పించుకుని వేరు ఎక్కడికి పోగలదు?

అందువల్ల కావలసింది అడుగున ఒక పొర కాదు, పై నుండి కింది దాకా ఒకే తీరు గింజ, అంటే ఒకే పరిమాణపు రేణువులు. ఈ గింజ కోసం జపానువారు అకడమా వాడతారు. ఆ మాటకు ఎర్రని ఉండ అని అర్థం. అగ్నిపర్వతపు బూడిద నుండి ఏర్పడిన మట్టి గుళికలవి. సముద్రాలు దాటి వచ్చే ఆ సంచి ధరకు నా జీతం ఒప్పుకోదు, పైగా మన ఊరి మొక్కకు మన ఊరి ఇటుక చాలునని నా అభిప్రాయం. పక్క వీధిలో పాత ఇల్లు ఒకటి కూలుస్తున్నారు. అక్కడి మేస్త్రీని అడిగితే, "ఇటుక ముక్కలకు అడుగుడేంది సారూ, మొత్తం కొండవోండ్రి" అన్నాడు. రెండు తట్టలు తెచ్చుకున్నాను.

అయితే ఇటుకలన్నీ పనికిరావు. సరిగా కాలని ఇటుకను రాత్రంతా నానబెడితే ఉదయానికి బురద మిగులుతుంది. మరీ మాడిపోయి నల్లబడినది నీటి చుక్కను పీల్చుకోదు, రాయితో సమానం. చుక్క వేయగానే లోపలికి లాక్కుని, నానినా గోటికి చిట్లనిదే మంచి ముక్క. సిమెంటు అంటిన ముక్కలను కూడా ఏరి పారేశాను, ఎందుకంటే అందులోని సున్నం మిశ్రమాన్ని క్షారంగా మారుస్తుంది. మా బోరు నీటిలో ఇప్పటికే ఆ గుణం కావలసినంత ఉంది.

సుత్తితో కొట్టి జల్లించేసరికి మధ్యాహ్నం దాటింది. మూడో వంతు దుమ్ముగానే పోయింది. అంత కష్టపడి కొట్టినది పారబోయడానికి చేయి రాదు, కాని బియ్యం మధ్య సందుల్లో రవ్వ దూరినట్టు ఆ దుమ్ము గింజల మధ్య గాలి దారులన్నిటినీ పూడ్చేస్తుంది. కొంచెమే కదా అని కలిపిన తప్పు ఒకసారి చేశాను, రెండోసారి చేయను. బండరాళ్లను మరలో పొడి చేసి తయారుచేసే రోబో శాండ్‌ను కూడా ఈ కారణంగానే మానుకున్నాను. దాని బదులు మొరం జల్లించి, కడిగి పెట్టుకున్నాను. మన గ్రానైటు బండలు శిథిలమై ఏర్పడిన ఆ గింజ గరుకుగా, గట్టిగా ఉంటుంది.

పాళ్ల దగ్గర చాలాసేపు తటపటాయించాను. వానాకాలం ఒక్కటే ఆలోచిస్తే ఇటుక, మొరం చాలు. కాని నేను ఉదయం 8 గంటలకు ఇల్లు వదిలి రాత్రి 7 గంటలకు వచ్చే మనిషిని, మే నెల ఎండలో మధ్యాహ్నం నీరు పోసేవారు ఉండరు, అమ్మ మోకాళ్లకు డాబా మెట్లు పడవు. చివరకు రెండు పాళ్లు ఇటుక, ఒక పాలు మొరం, తడిని పట్టి ఉంచడానికి ఒక పాలు జల్లించిన వర్మీకంపోస్టు అని స్థిరపరచుకున్నాను. రోజూ రెండు పూటలా నీరు పోయగల తీరిక ఉంటే ఆ చివరి పాలును సగం చేసేవాణ్ణి.

రంధ్రాల మీద కిటికీ దోమతెర ముక్కలు పరిచి, తీగతో మొక్కను కుండీకి బిగించి, వేళ్ల మధ్యకు మిశ్రమాన్ని వెదురు పుల్లతో పొడిచి దింపుతుండగా అమ్మ కష్టం మీద పైకి వచ్చి చూసింది.

"పెంకులు ఎయ్యకపోతివి. నీళ్లెట్ల పోతయిరా?"

స్పాంజి కథ చెప్పాను. పూర్తిగా విని, "మరి నా తులసికి ఎన్నేండ్ల సంది ఏస్తున్న, అదేం కాలేదు కదా" అంది. ఆమె తులసి కుండీ మోకాలెత్తు ఉంటుంది, అక్కడ ఆ పెంకు మట్టి జారకుండా ఆపుతుంది తప్ప కీడు చేయదు. నేను ఏరి పెట్టిన పెంకులన్నీ తులసికే ఇచ్చేశాను.

సాయంత్రం 6 గంటలకు వాన పడింది. ఆగాక కుండీని ఒక పక్కకు వంచి కింద చాయ్ గ్లాసు పట్టాను. నాలుగు చుక్కలు పడి ఆగిపోయింది.