చేతులు మూడుసార్లు కుట్టిన కోటు

చొక్కాలు, దిండు గలీబులు కుట్టిన అనుభవంతో కోటు కుట్టడం మొదలుపెట్టాను. ముక్కలు కాస్త ఎక్కువ, గుడ్డ కాస్త మందం, అంతే తేడా అనుకున్నాను. పూర్తయ్యేసరికి రెండు నెలలు పట్టింది. అందులో మిషను ముందు కూర్చున్న సమయం కంటే ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడిన సమయమే ఎక్కువ.

ఉన్ని గుడ్డ ఆవిరి తగిలితే కుదించుకుపోతుంది కాబట్టి, కత్తెర పట్టకముందే గుడ్డంతటికీ తడిబట్ట మీదుగా ఆవిరి పట్టించి, ఒక రాత్రంతా పరిచి ఉంచాను. అసలు గుడ్డ జోలికి పోకుండా ముందు పాత దుప్పటితో నమూనా కోటు కుట్టి చూసుకోవడం ఈ పని మొత్తంలో నేను చేసిన తెలివైన పని. కోటు మరో రెండు బట్టల మీద వేసుకునేది కనుక ఛాతీ కొలతకు 12 సెంటీమీటర్ల వదులు కలిపాను. అయినా చేతులు ముందుకు చాచగానే వీపు పట్టేసింది. వదులు ఉండవలసింది ఛాతీ చుట్టూ మాత్రమే కాదని, రెండు చంకల నడుమ వీపు వెడల్పులో కూడా ఉండాలని అప్పుడు అర్థమై, అక్కడ రెండు వైపులా సెంటీమీటరు చొప్పున పెంచాను.

ముందు భాగాలకూ కాలరుకూ లోపల అంటించే ఫ్యూజింగు (వేడికి అతుక్కునే జిగురు గుడ్డ) దగ్గర మొదటి దెబ్బ తిన్నాను. చొక్కాకు చేసినట్టే ఇస్త్రీ పెట్టెను అటూ ఇటూ జరిపేసరికి జిగురు సరిగా పట్టక గుడ్డ మీద బుడగలు లేచాయి. పెట్టెను ఒకచోట అదిమి పట్టి, ఎత్తి, పక్కన మళ్లీ అదమాలి తప్ప జరపకూడదు. ఆ ముక్కను పారేసి మరొకటి కత్తిరించుకున్నాను. మిషనుకు 16 నంబరు సూది వేసి, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లకు పెంచాక పక్క కుట్లు, భుజం కుట్లు ఒక మధ్యాహ్నంలో అయిపోయాయి.

చేతులు మాత్రం అంత సులువుగా లొంగలేదు. చెయ్యి పైభాగం చుట్టుకొలత చంక చుట్టుకొలత కంటే మూడున్నర సెంటీమీటర్లు ఎక్కువ ఉంటుంది. ఆ ఎక్కువనంతా కుచ్చు కనబడకుండా ఇమడ్చాలి. మొదటిసారి చెయ్యి అంచు వెంట వేసిన వదులు కుట్టు దారాలు లాగి నేరుగా కుట్టేస్తే, భుజాల మీద బుట్ట చేతులు లేచాయి. విప్పాను. రెండోసారి, చుట్టిన తువ్వాలు మీద చెయ్యి అంచును పరిచి, లాగిన దారాల మధ్య ఉబ్బును ఆవిరితో కొంచెం కొంచెంగా కుదించాను. ఉన్ని వేళ్ల కిందే ముడుచుకుని, గిన్నె అంచులా వంపు తిరగడం చూడటానికి ఎంతో బాగుంది. కానీ వేసుకుని అద్దంలో చూస్తే మోచేతి పైన ఏటవాలు ముడతలు. మన చేతులు కాస్త ముందుకు వాలి వేలాడతాయి, నేను కుట్టిన చెయ్యి వెనక్కి వేలాడుతోంది. కత్తిరింపుకు వాడిన కాగితపు నమూనా మీది గుర్తులను నమ్మడం మానేసి, చేతిని సెంటీమీటరు ముందుకు తిప్పి కచ్చా కుట్టు వేసి, అద్దంలో సరిచూసుకున్న తర్వాతే మూడోసారి మిషను మీద పెట్టాను.

లైనింగు జారుడు గుడ్డ, నాకు ఏమాత్రం నచ్చని పని. వీపు నడుమ మడత వదిలి, ఎడమ చేతి లైనింగు కుట్టులో ఒక జానెడు తెరిచి ఉంచి, లోపలి వైపు పైకి ఉండేలా లైనింగుతో కలిపి కుట్టిన కోటు మొత్తాన్ని ఆ సందులోంచి బయటికి లాగాను. కుడి చేతి లైనింగు తాడులా మెలిపడి ఉంది. అంచు దగ్గర కలిపేటప్పుడు ఒక చుట్టు తిప్పి కుట్టాను కాబోలు. కోటును మళ్లీ అదే సందులోంచి లోపలికి తోసి, ఆ కుట్టు విప్పి సరిచేశాను.

చివరగా కాజాలు. మిగిలిన ముక్కల మీద అయిదారు కుట్టి చేయి కుదిరాక, కోటు మీద కుట్టి, కోత కాజా చివర దాటిపోకుండా అడ్డంగా గుండుసూది గుచ్చి, మధ్యలో కోశాను. మందపు గుడ్డ కింద పట్టేందుకు గుండీకి కాడ ఉండాలి కనుక, గుండీ మీద అగ్గిపుల్ల ఉంచి దారం దాని మీదుగా వేసి, పుల్ల తీసేసి, వదులైన దారానికి నాలుగు చుట్లు చుట్టి ముడి వేశాను.