మడమ చెప్పినట్టు నడక: 14 వారాల లెక్క

1వ వారం, 98 కిలోలు. ఎత్తు 170 సెంటీమీటర్లు. తెల్లవారుజామున విశాఖ ఆర్కే బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేస్తారు, నడకకు అంతకన్నా మంచి చోటు లేదు. ఉత్సాహం కొద్దీ మొదటి రోజే పది వేల అడుగులు నడిచాను. మూడో రోజు సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర బూట్లు చేత పట్టుకుని ఇసుకలోకి దిగాను. నాలుగో రోజు పొద్దున మంచం దిగి అడుగు వేస్తే కుడి మడమలో మేకు దిగినట్టయింది. పదడుగులు వేసేసరికి తగ్గింది కదా అని మళ్ళీ బీచ్‌కు వెళ్ళాను. ఆ తగ్గడమే ఈ నొప్పి చేసే మోసం.

3వ వారం, 98.4. బరువు తగ్గకపోగా కుంటుతున్నాను. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎముక కాస్త పెరిగిందనీ, నొప్పికి కారణం మాత్రం అది కాదనీ అన్నారు. నొప్పి లేనివాళ్ళలో కూడా అది కనిపిస్తుందట. మడమ నుంచి వేళ్ళ దాకా అరికాలి కింద వింటినారిలా ఉండే పట్టీ మీద భారం ఎక్కువైంది. జబ్బు పేరు ప్లాంటార్ ఫేషియైటిస్. నడిచేటప్పుడు ఒక్కో అడుగుకూ పాదం మీద శరీర బరువుకు సుమారు 1.2 రెట్ల భారం పడుతుంది. నా లెక్కన సుమారు 118 కిలోలు. మెత్తటి ఇసుకలో మడమ కూరుకుపోయి ఆ పట్టీ ఇంకా సాగుతుంది.

4 నుంచి 7 వారాలు. నడక 2,000 అడుగులకు కుదించి, మిగతా సమయం ఇంట్లో కదలని సైకిలు తొక్కాను. మంచం దిగకముందే కాలి వేళ్ళకు తువ్వాలు తగిలించి 30 సెకన్ల చొప్పున మూడుసార్లు నా వైపు లాగడం; గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీయడం; రాత్రి గడ్డకట్టిన నీళ్ళ సీసాను అరికాలి కింద పది నిమిషాలు దొర్లించడం. (సీసా కింద గుడ్డ వేయకపోతే గది అంతా తడి. మా ఆవిడ రెండుసార్లు చెప్పింది.) గ్రానైట్ నేల మీద వట్టి కాళ్ళతో తిరగడం మానేశాను. రాత్రి రెండో మారు అన్నం కూడా.

8వ వారం, 95.1. బూట్లు మార్చాను. పదేళ్ళుగా 8 నంబరే. కాగితం మీద పాదం గీసి చూస్తే బూటు అడుగుకన్నా పాదమే వెడల్పు! బరువు పెరిగితే పాదం వంపు కుంగి పరుచుకుంటుందని తెలియక, బొటనవేలి పక్క కాయను బూటు నాణ్యతకు అంటగట్టాను. సాయంత్రం, పాదాలు కాస్త ఉబ్బాక వెళ్ళి, 9 నంబరు వెడల్పు రకం కొన్నాను.

11వ వారం, 93.6. పొద్దున మొదటి అడుగు నొప్పికి పదికి రెండు మార్కులు. మొదట్లో ఎనిమిది.

14వ వారం, 92. ఆరు కిలోలే కదా అన్నాడు మిత్రుడు. ఆ 1.2 రెట్ల లెక్కన పాదం మీద భారం అడుగుకు ఏడు కిలోలు తగ్గినా, 4,000 అడుగులకు 28 టన్నులు! పాతిక కిలోల బియ్యం బస్తాలు వెయ్యికి పైనే. లెక్క రెండుసార్లు సరిచూసుకున్నాను.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణకు రమ్మని బావగారు పిలిచారు. 32 కిలోమీటర్లు, అదీ చెప్పుల్లేకుండా. ఈ ఏడాది దారిలో మజ్జిగ పంచుతానని చెప్పేశాను. అక్కడా కుర్చీ వేయించమన్నాను, గంటల తరబడి నిలబడడం కూడా మడమకు పడదు.