ఎండో హెచ్ ముంచింది, షేర్ ఆటో గట్టెక్కించింది: నా నెట్ లైఫ్ సైన్సెస్ ప్రిపరేషన్

రిజల్ట్ వచ్చి నాలుగు రోజులైంది. సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్, అంటే పీహెచ్‌డీకి ఇచ్చే ఫెలోషిప్, వచ్చింది. ఇంకా పొద్దున లేవగానే స్కోర్ కార్డ్ ఓపెన్ చేసి అది నా పేరేనా అని చూసుకుంటున్నా. ఎలా చదివావని మెసేజ్ పెట్టినవాళ్లందరికీ విడివిడిగా జవాబివ్వడం నా వల్ల కావట్లేదు, అందుకే ఒకేసారి రాసేస్తున్నా. ఏ బుక్కు, ఎన్ని గంటలు, నోట్స్ పీడీఎఫ్ ఉందా అని మాత్రం అడగొద్దు, అందరం చదివేది ఆ నాలుగు పుస్తకాలే. పార్ట్ ఏకి (జనరల్ ఆప్టిట్యూడ్) రోజూ అరగంట, ఎకాలజీ, ఎవల్యూషన్ వదలొద్దు, ప్లాంట్ ఫిజియాలజీ నేను సగం వదిలేశా. అంతే. నేను చెప్పాలనుకున్నది రెండో అటెంప్ట్‌లో నన్ను ముంచిన ఒక్క పార్ట్ సి ప్రశ్న గురించి.

అప్పుడు అశోక్ నగర్‌లో రూమ్, పగలంతా చిక్కడపల్లి లైబ్రరీ. గోడకి పెద్ద చార్ట్ అంటించుకున్నా, అందులో ఎర్ర స్కెచ్‌తో ఒక లైన్: ఎండో హెచ్ కోస్తే ప్రోటీన్ ఈఆర్‌లో ఉన్నట్టు, కోయకపోతే గాల్జీ దాటినట్టు. పళ్లు తోముకుంటూ కూడా ఆ లైనే చదివేదాన్ని. (ఎండో హెచ్ అంటే ప్రోటీన్ మీది షుగర్ గొలుసుల్లో హై మానోజ్ రకాన్ని, అంటే ఇంకా మారని వాటిని, కోసే ఎంజైమ్. ఈఆర్ సెల్‌లో ఇలాంటి ప్రోటీన్ తయారయ్యే చోటు, గాల్జీ ఆ షుగర్లని మార్చే తర్వాతి మజిలీ.) ప్రశ్న నాకు గుర్తున్నంతలో ఇలా ఉంది: ఒక మెంబ్రేన్ రిసెప్టర్, సెల్ సర్ఫేస్ ప్రోటీన్లకి మాత్రమే బయోటిన్ అనే కొక్కెం తగిలించి బయటకి లాగారు, ఎండో హెచ్ వేస్తే బ్లాట్‌లో దాని బ్యాండ్ (షుగర్ పోయి తేలికైతే దిగుతుంది) కొంచెం కిందకి దిగింది, ఏ రకం షుగర్ గొలుసునైనా దాదాపు కోసేసే పీఎన్‌గేస్ ఎఫ్ వేస్తే బాగా దిగింది. బ్యాండ్ దిగిందని కనపడగానే నా చెయ్యి ఆగలేదు, "ఈఆర్‌లో ఇరుక్కుంది" అని కొట్టేశా, అరనిమిషం కూడా పట్టలేదు. అరే, సర్ఫేస్ మీంచి లాగిన ప్రోటీన్ ఈఆర్‌లో ఎలా ఉంటుందే! కీ చూసినరోజు అన్నం తినలేదు. నాలుగు మార్కులు రావాల్సిన చోట ఉన్నదాంట్లోంచి ఒకటి పోయింది, కటాఫ్‌కి నాకు తగ్గింది సరిగ్గా నాలుగే.

ఆ కోపంతోనే ఒక పేపర్ పట్టుకున్నా. 2010లో వచ్చింది, గాబా-ఏ రిసెప్టర్ (మెదడులో నరాల జోరు తగ్గించే చానల్) ముక్కల్లో ఒకటైన బీటా2 సబ్‌యూనిట్ మీద షుగర్లు ఏం చేస్తాయని. బీటా2 మీద ఎన్-లింక్డ్ షుగర్లు, అంటే ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లానికి అతుక్కునేవి, మూడు చోట్ల ఉంటాయి: ఆస్పరాజిన్ 32, 104, 173 (గొలుసులో దాని స్థానం నంబర్లు). ఒక్కో సైట్ తీసేసి చూస్తే 104 దగ్గర షుగర్ లేకపోతే ఇంకో సబ్‌యూనిట్ ఆల్ఫా1తో కలిసి అసెంబుల్ అవడం, లేదా ఈఆర్‌లో నిలబడడం దెబ్బతింటోంది. మూడింటిలో ఏది తీసినా చానల్ గుండా పారే కరెంట్ తగ్గుతోంది, చానల్ తెరుచుకుని ఉండే టైమ్ కూడా తగ్గుతోంది. అంటే ప్రోటీన్ మడత పడ్డాక పని అయిపోయే షుగర్ కాదు, చానల్ తలుపు దగ్గర కూడా దాని పెత్తనం ఉంది. అసలు దెబ్బ ఇంకోటి: సర్ఫేస్ మీద హాయిగా కూర్చున్న బీటా2లో కూడా 173 దగ్గరి షుగర్ హై మానోజ్‌గానే ఉంది! గాల్జీ గుండా వెళ్లొచ్చినా మారలేదు. ఎండో హెచ్ దాన్ని కోసేస్తుంది. నా ఎర్ర లైన్ అక్కడే చచ్చింది.

అమ్మ ఫోన్ చేసి ఏం చదువుతున్నావే అంటే షుగర్ గురించి అన్నా, మీ నాన్నకి ఏమన్నా కొత్త మందొచ్చిందా అని అడిగింది.

మూడో నెలలో ఇంకోటి వెలిగింది. గాబా-ఏ అయిదు ముక్కల రిసెప్టర్, ఎక్కువగా రెండు ఆల్ఫా1, రెండు బీటా2, ఒక గామా2, ఇదందరికీ తెలుసు. 2018 నుంచి క్రయో-ఈఎం (గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూసే పద్ధతి) స్ట్రక్చర్లు వచ్చాక చూస్తే ఆల్ఫా1 మీది ఒక షుగర్ గొలుసు బయటకి కాదు, అయిదింటి మధ్యలో ఉన్న ఖాళీలోకి తిరిగి ఉంది. ఆ సైట్ ఒకచోట 111, ఇంకోచోట 138 అని కనిపిస్తే వేరేవి అనుకోకండి, మొదట్లో ఉండి తర్వాత తెగిపోయే సిగ్నల్ పెప్టైడ్‌లోని 27 అమైనో ఆమ్లాలు కలిపి లెక్కేశారంతే, నేను వారం తన్నుకున్నా. సరే, మధ్యలో గొలుసు ఉంటే ఏంటి? ఉప్పల్ నుంచి తార్నాకకి షేర్ ఆటోలో వస్తున్నా, అప్పటికే ఇద్దరు ఆంటీలు కూరగాయల సంచులు కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నారు, హబ్సిగూడలో మూడో ఆవిడ బియ్యం మూటతో వచ్చింది. డ్రైవర్ "మూట పట్టదమ్మా, మనిషైతే ఎక్కు" అన్నాడు. నేను గట్టిగా నవ్వేశా, అందరూ నావైపు చూశారు. ఆ మధ్య ఖాళీలో రెండు ఆల్ఫాల షుగర్లకే చోటు, మూడో ఆల్ఫా వస్తే దాని మూట పట్టదు, ఎన్ని ఆల్ఫాలు చేరాలో ఆ షుగరే అదుపు చేస్తుండొచ్చని స్ట్రక్చర్ తీసినవాళ్ల మాట.

షుగర్లు ఎక్కువైనా తిప్పలే. చైల్డ్‌హుడ్ ఆబ్సెన్స్ ఎపిలెప్సీ (పిల్లలు కాసేపు శూన్యంలోకి చూస్తూ ఆగిపోయే మూర్ఛ) ఉన్న కుటుంబాల్లో దొరికిన, ఇదే రిసెప్టర్‌లోని బీటా3 మ్యుటేషన్లలో షుగర్లు అతిగా ఎక్కి కరెంట్ తగ్గిందని 2008లోనే చూపించారు. ఇప్పుడు చూడండి, సిలబస్‌లో యూనిట్ 3లో గ్లైకోసైలేషన్ (ప్రోటీన్‌కి షుగర్లు ఎక్కడం), 4లో రిసెప్టర్, 7లో న్యూరో, 13లో బ్లాట్, అన్నీ ఒకే ప్రోటీన్ మీద వచ్చి కూర్చున్నాయి. నేను ఒక రిసెప్టర్‌కి ఇరవై రోజులు తగలేశానని రూమ్మేట్ తిట్టింది. తిట్టనీ. కోచింగ్ మధ్యలో మానేశానని, పెద్దమ్మ కూతురి పెళ్లికి రాలేదని, మస్తు పొగరని అన్నవాళ్లూ ఉన్నారు, వాళ్లెవరూ నాతో పొద్దున ఆరున్నరకి లైబ్రరీ గేటు ముందు నిలబడలేదు. ఫోన్ రూమ్‌లో పెట్టి రండి, లేకపోతే రావొద్దు, కుర్చీ ఇంకొకళ్లకి పనికొస్తుంది. కటువుగా ఉందా, ఉండనీ, నాకెవరూ చెప్పలేదు కాబట్టే రెండేళ్లు పోయాయి.

ఇంతా చేస్తే ఈసారి పేపర్లో ఎండో హెచ్ రాలేదు. గాబా కూడా రాలేదు. కానీ బ్లాట్ ప్రశ్న వచ్చింది, ముందు శాంపిల్ ఎక్కడ్నుంచి తీశారో చదివా.

నెలాఖరుకి రూమ్ ఖాళీ చేస్తున్నా. చార్ట్ చింపలేదు, ఎర్ర లైన్ కింద నీలం పెన్నుతో "173 సంగతేంటి?" అని రాసి ఉంది. కావాల్సినవాళ్లు చెప్పండి, వచ్చి తీసుకెళ్లొచ్చు, టేపు మాత్రం మీరే తెచ్చుకోవాలి.