సర్వే నంబర్ దగ్గర ఆగిపోయే రోడ్లు

మా అమ్మావాళ్లుండేది హైదరాబాద్ హబ్సిగూడలో. అక్కడ వీధులకు నంబర్లుంటాయి. ఒక వీధిలో ట్రాఫిక్ ఆగితే బండి పక్క వీధిలోకి తిప్పేస్తాం. నేనుండేది నగరానికి పడమటి శివారు తెల్లాపూర్ వైపు, గేటెడ్ కమ్యూనిటీలో. మా బాల్కనీలోంచి చూస్తే ప్రహరీ అవతల కూరగాయల బండి కనిపిస్తుంది. దాని దగ్గరికి పోవాలంటే మాత్రం గేటు దాటి, మెయిన్ రోడ్డెక్కి, యూటర్న్ కొట్టి రావాలి. అందుకే మా దగ్గర కొత్తిమీర కట్టక్కూడా యాపే!

ఇక్కడ ఊరు పెరిగింది పాసు పుస్తకాల ప్రకారం. ఒక రైతు నాలుగెకరాలు అమ్ముతాడు. కొన్నవాళ్లు లోపల ముప్పై అడుగుల రోడ్డేస్తారు, అది వాళ్ల సర్వే నంబర్ హద్దులో ఆగిపోతుంది. పక్క పొలం ఎప్పుడో వెంచరవుతుంది. దాని రోడ్డు దీనికి ఎదురు రాదు, వచ్చినా మధ్యలో గోడ. గేటెడ్ అంటేనే కదా రేటు.

రూల్ లేక కాదు. పెద్ద గ్రూప్ హౌసింగ్ కడితే, లోపలి భూములకు దారి ఉండేలా ఒక పక్కన 9 మీటర్ల పబ్లిక్ రోడ్డు వేయాలని 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168లోనే ఉంది. మా పక్కన అలాంటిదొకటి ఉందంటే చూద్దామని వెళ్లాను. సగం దాకా తారు, తర్వాత అడ్డంగా రేకులు, వాటికో తాళం. సందులోంచి చూస్తే కంకర కుప్ప, దాని నీడలో ఓ గేదె. ‘ఇది సైటు రోడ్డు సార్, దారి లేదు’ అన్నాడు వాచ్‌మన్.

ఊరి చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది కదా అంటారు. ఔటర్ శంషాబాద్‌కి తీసుకెళ్తుంది గానీ పక్క వెంచర్‌కి తీసుకెళ్లదు. చిన్న రోడ్లు కలవకపోతే పాల ప్యాకెట్‌కి బయల్దేరినవాడూ, ఆఫీసుకి పోయేవాడూ ఒకే జంక్షన్‌లో ఇరుక్కుంటారు.

1975 తర్వాత ప్రపంచంలో చాలాచోట్ల కొత్త వీధులు ఇలాగే తెగిపోతూ వచ్చాయని 2020లో ఒక అధ్యయనం తేల్చింది. డెన్మార్క్ లాంటి చోట్ల కార్లకు దారి మూసినా నడిచేవాళ్లకి, సైకిళ్లకి వదులుతారట. మనకి ఆ మాత్రం చాలు. అసోసియేషన్ మీటింగ్‌లో వెనక ప్రహరీకి మనిషి పట్టేంత గేటు పెడదామన్నాను. ‘పనివాళ్లు ఎటు పడితే అటు వచ్చేస్తారండీ’ అన్నారొకరు. ఆ పనివాళ్ల ఇళ్లు ఆ గోడ అవతలే. రోజూ ఎండలో చుట్టూ తిరిగి వస్తున్నారు.